పాతబడింది స్పీకర్లేనా?

సంక్రాంతికి మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లో నిలబడి, "అమ్మా, వీటిని ఇంకా ఎందుకు ఉంచారు?" అన్నాడు. వీటిని అంటే, షోకేసుకి అటొకటి ఇటొకటి కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉండే మా స్పీకర్లు.

"ఇరవై ఏళ్లు దాటాయి. సౌండు బర్రుమంటోంది. నేను సౌండ్‌బార్ ఆర్డర్ పెట్టేస్తా. గోడకి తగిలించుకుంటే చాలు. నీకు దుమ్ము దులిపే పని కూడా తప్పుతుంది."

ఆ చివరి మాటకి నేను కాస్త మెత్తబడ్డానని ఒప్పుకోవాలి. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది మావారు. ఆ స్పీకర్లని ఎవరైనా ముట్టుకుంటేనే కళ్లెర్రజేసే మనిషి, "అవున్రా, మార్చాల్సిందే. ఈ మధ్య పాటలో మాటలే తెలియడం లేదు. వీటి పనైపోయింది" అనేశారు. మా అమ్మాయి మాత్రం ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నాకు మాటలు బానే తెలుస్తున్నాయి నాన్నా. ఎడమ వైపుదే గరగరలాడుతోంది" అంది.

ఒకే గదిలో, ఒకే పాట, ముగ్గురికి మూడు రకాలుగా వినిపిస్తోందన్న మాట. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నేను అన్నది ఒక్కటే, "ఏది పాడైందో తెలియకుండా కొత్తది కొనడం ఏంటి? ఉండండి, ఒక నెల టైమివ్వండి."

ఇలాంటి విషయాల్లో మనల్ని ఎవరూ అడగరు, గమనించారా? మిక్సీ మార్చాలన్నా కుక్కర్ కొనాలన్నా మన మాట. టీవీ, స్పీకర్లు, ఇన్వర్టర్ అనగానే మగవాళ్ల వ్యవహారం. కానీ రోజు మొత్తంలో వాటిని ఎక్కువసేపు వినేది ఎవరు? మా ఇంట్లో పొద్దున ఐదున్నరకి సుప్రభాతం పెట్టేది నేను. మధ్యాహ్నం బట్టలు మడతపెట్టుకుంటూ బాలమురళీకృష్ణ గారి పాట వినేది నేను. దులిపేది నేను, వెనకాల బల్లి పెట్టిన గుడ్లు తీసేది నేను, బొమ్మల కొలువుకి వాటి మీద పట్టుగుడ్డ కప్పి మెట్టుగా వాడుకున్నదీ నేనే. కాబట్టి వాటి చావు బతుకుల మీద నాకూ ఓటుంది అనుకున్నాను.

అవి మా ఇంటికి 2001 లో వచ్చాయి. మా పెళ్లయిన మూడో ఏడు. మావారికి అరియర్స్ వస్తే, నేను గాజులు చేయించుకుందామని మనసులో అనుకుంటూ ఉండగానే ఆటోలో రెండు పెద్ద అట్టపెట్టెలు దిగాయి. వారం రోజులు మాట్లాడలేదు నేను. అప్పట్లో మాది డబ్బా టీవీ. స్పీకర్ని దాని పక్కన పెట్టగానే తెర మూలన ఆకుపచ్చ మచ్చ వచ్చింది. టీవీ పోయిందని నేను గొడవ. స్పీకర్లో ఉన్న అయస్కాంతం వల్ల అలా అవుతుందని, కాస్త దూరం జరిపితే సరిపోతుందని పక్కింటాయన చెప్పేదాకా ఇద్దరికీ తెలియదు. ఆ మచ్చ పోవడంతో మా మాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, జ్ఞాపకాలు ఉన్నాయి కాబట్టి వస్తువుని ఉంచుకోవాలి అని నేను అనడం లేదని ముందే చెప్పడానికి. నేను అలాంటి దాన్ని కాదు. మా అత్తయ్యగారి రుబ్బురోలు అపార్ట్‌మెంటుకి మారేటప్పుడు ఇచ్చేశాను. మూడు మిక్సీలు పాత సామాను వాడికి వేశాను. పనికిరానిది ఇంట్లో పెట్టుకోవడం నాకిష్టం ఉండదు. అయితే పనికిరాదు అని తేల్చేది దాని వయసు చూసి కాదు, దాని పని చూసి. నా అభిప్రాయం అంతే.

పిల్లలు స్పీకర్ని కూడా ఫోను లెక్కలో చూస్తున్నారు. ఫోను ఐదేళ్లకి ముసలిదవుతుంది, నిజమే. బ్యాటరీ పోతుంది, కొత్త యాప్‌లు ఎక్కవు. స్పీకర్లో అలాంటిదేమీ లేదు. ఒక అయస్కాంతం, దాని మధ్యలో రాగి తీగ చుట్ట, ఆ చుట్టకి అతికించిన కాగితం గరాటు. తీగలోకి కరెంటు వస్తే చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది, గరాటు గాలిని నెడుతుంది, అదే పాట. పెద్ద గరాటు ఊఫర్, మృదంగం తొప్పి శబ్దం లాంటి బరువైనవి పలుకుతుంది. చిన్నది ట్వీటర్, తంబురా జీరని, తాళాల చప్పుడుని పలుకుతుంది. ఇందులో అయస్కాంతం మన తరువాతి తరానికి కూడా పనికొస్తుంది. చెక్క పెట్టెకి చెద, నీరు తగలకపోతే ఢోకా లేదు.

మరి ముసలిదయ్యేది ఏది? ఊఫర్ కాగితం చుట్టూ ఒక మెత్తటి అంచు ఉంటుంది. కాగితం అటూ ఇటూ కదలడానికి వీలుగా. చాలా స్పీకర్లలో అది స్పంజితో చేస్తారు. మన ఎండలకీ, వానాకాలం తేమకీ ఆ స్పంజి పది పదిహేను ఇరవై ఏళ్లలో మెల్లగా కుళ్లి, ముట్టుకుంటే బూడిదలా రాలిపోతుంది. రబ్బరు అంచు ఉన్నవైతే ఇంకా ఎక్కువ కాలం ఆగుతాయి. రెండోది, పెట్టె లోపల బరువైన శబ్దాన్ని ఊఫర్‌కి, సన్నటి శబ్దాన్ని ట్వీటర్‌కి విడదీసి పంపే చిన్న సర్క్యూట్. అందులోని కెపాసిటర్లు కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. మూడోది అసలు స్పీకర్లో లేనే లేదు. ఆంప్లిఫయర్ మీది వాల్యూమ్ నాబ్‌లో దుమ్ము చేరితే తిప్పినప్పుడల్లా కరకరలాడుతుంది, ఒక్కోసారి ఒక పక్క పూర్తిగా మూగబోతుంది. ఆ పాపం పాపం ఎరుగని స్పీకర్ల మీద పడుతుంది.

ఇవన్నీ నాకు పుట్టుకతో తెలిసినవి కావు. ఆ నెల రోజుల్లో కొన్ని కోఠీలో ఒక పెద్దాయన దగ్గర, కొన్ని మా అమ్మాయి సాయంతో నేర్చుకున్నాను. అంతకుముందు ఇంట్లోనే మేం చేసిన పరీక్షలు చెబుతాను. స్క్రూడ్రైవరు పట్టుకోవడం వస్తే చాలు.

ముందు ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టాం. 1950ల్లో, 60ల్లో మన సినిమా పాటలు మోనోలో రికార్డు చేసినవి. అంటే రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకే శబ్దం. రెండూ బాగుంటే, రెంటికీ మధ్యలో కూర్చున్నప్పుడు గొంతు సరిగ్గా ఎదురుగా, షోకేసు మధ్యలోంచి వస్తున్నట్టు ఉండాలి. ఒక పక్కకి జరిగిందంటే రెండో పక్క నీరసించిందన్న మాట. మధ్యలో లేకుండా చెల్లాచెదురుగా, బేస్ లేకుండా పల్చగా ఉంటే, ఒక స్పీకర్ వెనక ఎరుపు నలుపు వైర్లు తారుమారై ఉండొచ్చు. దుమ్ము దులిపి మళ్లీ తగిలించేటప్పుడు నేనే ఎన్నిసార్లు అలా చేశానో!

మాకు గొంతు మధ్యలోనే ఉంది. కానీ తబలా దెబ్బ పడ్డప్పుడల్లా ఎడమ వైపు బర్ర్ మంటోంది. అప్పుడు ఆంప్ ఆపి, రెండు స్పీకర్ల వైర్లూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాం. గరగర కూడా కుడి పక్కకి మారితే తప్పు ఆంప్‌ది. ఎడమనే ఉండిపోతే తప్పు ఆ స్పీకర్‌దే. ఎడమనే ఉంది. మా అమ్మాయి ముందున్న నల్లగుడ్డ ఫ్రేము మెల్లగా లాగింది. చూస్తే ఊఫర్ చుట్టూ అంచు రెండు చోట్ల చీలి, కింద నల్లటి పొడి రాలి ఉంది. నేను ఇన్నేళ్లూ పై గుడ్డ తుడిచానే గానీ లోపల ఎప్పుడూ చూడలేదు. మనుషుల విషయంలోనూ అంతే చేశానని అప్పటికి తెలియదు.

అప్పుడే ఇంకో సంగతి కూడా చూశాం. సోఫా కొత్తది కొన్నప్పుడు దాని చేతులు సరిగ్గా స్పీకర్ల ముందుకి వచ్చాయి. ట్వీటర్ శబ్దం సూటిగా వెళ్తుంది, మెత్తటి వస్తువు అడ్డం ఉంటే మింగేస్తుంది. సోఫాని జానెడు వెనక్కి జరిపి, స్పీకర్ల కింద చెరో పీట వేస్తే ట్వీటర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి వచ్చాయి. పైసా ఖర్చు లేకుండానే సగం తేడా తెలిసింది నాకు.

ఊఫర్లు రెండూ విప్పి, ఏ వైరు ఎక్కడిదో టేపు ముక్కలు అంటించి, పాత తువ్వాల్లో చుట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాం, నేనూ మా అమ్మాయీ. రేడియో సామాన్ల నుంచి పెద్ద పెద్ద స్పీకర్ల దాకా దొరికే సందు అది. మొదటి రెండు షాపుల్లో "మేడమ్, కొత్తది తీసుకోండి, ఇవి ఎవరూ చేయరు" అన్నారు. మూడోచోట మేడ మీద చిన్న గదిలో ఒక పెద్దాయన ఊఫర్ చేతిలోకి తీసుకుని, రెండు బొటనవేళ్లతో కాగితాన్ని సమంగా, మెల్లగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రాసుకుంటలేదమ్మా. కాయిల్ మంచిగుంది. కాయిల్ కాలిపోయి ఉంటే నేనే వద్దంటుంటి. అంచు మారిస్తే చాలు. రెండూ మారుద్దాం, ఒక్కటే మారిస్తే ఒకటి బిగుతు, ఒకటి వదులు అయితది."

"ఇంత పాతవి కదా, చేయించడం దండగ కాదంటారా?" అన్నాను.

"వయసు చూడొద్దమ్మా. ఏది పోయిందో చూడాలె" అన్నాడు.

నా మనసులో మాటే ఆయన నోట విన్నట్టయింది. రెండు అంచులకీ, కెపాసిటర్లకీ కలిపి 2,200 రూపాయలు. జిగురు ఆరాలని మూడు రోజులు ఉంచుకున్నాడు. ఆంప్ నాబ్‌ల కోసం ఒక స్ప్రే డబ్బా ఇచ్చి, కరెంటు తీసేసి కొట్టి, నాబ్‌ని పాతికసార్లు అటూ ఇటూ తిప్పమన్నాడు. మా అబ్బాయి చూసిపెట్టిన సౌండ్‌బార్ 32,000.

బిగించాక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. తొప్పి మీద చెయ్యి పడితే కడుపులో తెలిసింది. గరగర లేదు. గెలిచేశానని అనుకున్నాను. సాయంత్రం మావారు రాగానే కాఫీ ఇచ్చి, మధ్యలో కూర్చోబెట్టి, పాట పెట్టి మొహంలోకి చూస్తున్నాను. రెండు నిమిషాలు విన్నారు. లేచి వెళ్లి ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పారు. వాల్యూమ్ పెంచారు.

"బేస్ బాగుంది. మాటలు మాత్రం తెలియట్లేదోయ్. గొంతులో దూది పెట్టుకుని పాడుతున్నట్టుంది. నేను చెప్పానుగా, వీటి పనైపోయింది."

లోపల గదిలోంచి మా అమ్మాయి చెవులు మూసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "నాన్నా! సూదులు గుచ్చుతున్నట్టుంది, తగ్గించండి!"

నాకు మొదట కోపం వచ్చింది. మండుటెండలో కోఠీ వెళ్లి వచ్చినందుకు ఒక మంచి మాట లేదే అని. ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే కుయ్ కుయ్ మంటుంది. పక్కనే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నా ఆయన లేచి వేయరు. జ్వరం చూసుకున్నప్పుడు థర్మామీటర్ కూసిందా లేదా అని నన్నడుగుతారు. ఫోన్లో ఆడపిల్లలు మాట్లాడితే "మీ నాన్నకివ్వమ్మా" అంటారు. మొన్నామధ్య వంటింట్లోంచి "సబ్బు అయిపోయింది" అన్నాను. "నిన్ననే కదా ఇచ్చాను, అప్పుడే అయిపోయిందా!" అని హాల్లోంచి కేక. ఆయనకి సబ్బు డబ్బుగా వినిపించింది. ఆ రోజు ఇంటి ఖర్చుల మీద అరగంట వాదించుకున్నాం.

రెండేళ్లుగా నా ఫిర్యాదు ఒక్కటే. ఈయన నా మాట వినడం లేదు. పిలిస్తే పలకరు, చెబితే చెవిన పెట్టరు, రిటైర్మెంటు దగ్గర పడుతున్నకొద్దీ నిర్లక్ష్యం పెరుగుతోంది. మా ఆడపడుచు ఇంట్లో పెళ్లికి వెళ్లినప్పుడు నలుగురిలో అనేశాను కూడా, "ఈయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చి ఆ రాత్రి నాకు అన్నం అరగలేదు.

పొద్దున్నే చెవి డాక్టరు దగ్గరికి వెళదామంటే ఒప్పుకోలేదు. "స్పీకర్ పాడైతే నా చెవులు చూపించుకోవాలా?" అన్నారు. రెండు వారాలు పట్టింది. చివరికి "గులిబి ఉందేమో, తీయించుకుందాం" అంటే వచ్చారు. గులిబి కొంచెం ఉంది, తీశారు. తర్వాత చప్పుడు చొరబడని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను అద్దం ఇవతల నుంచి చూస్తున్నాను. పరీక్ష చేసే అమ్మాయి ఇటు మీట తిప్పుతూ ఉంది. ఆయన బటన్ మీద వేలు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా శ్రద్ధగా, ఏమీ నొక్కకుండా కూర్చున్నారు. అంత శ్రద్ధగా వింటున్న మనిషిని నేను రెండేళ్లుగా వినడు వినడు అన్నాను.

కాగితం మీద గీత వచ్చింది. కింది స్వరాల్లో, అంటే 250, 500 హెర్ట్జ్ దగ్గర బాగానే ఉంది. 2,000 దాటాక జారుడు బండలా కిందికి దిగిపోయింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు చాలామందికి ముందు పోయేది పై స్వరాలే. అ, ఆ, ఓ లాంటి అచ్చులు కింది స్వరాల్లో బలంగా ఉంటాయి కాబట్టి మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది. స, శ, చ, త, ఫ లాంటి హల్లులు పైన ఎక్కడో సన్నగా ఉంటాయి, అవి జారిపోతాయి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు" అంటారు. రెండు చెవుల్లోనూ మెల్లమెల్లగా జరుగుతుంది కాబట్టి ఆ మనిషికే తెలియదు. అవతలివాళ్లు గొణుగుతున్నారని, స్పీకర్ పాడైందని అనుకుంటారు. సగటున ఆడవాళ్లకి ఆ పై స్వరాలు మగవాళ్లకంటే ఎక్కువ కాలం వినిపిస్తాయట. ఫ్రిజ్ కూత నాకే ఎందుకు వినపడుతోందో అప్పుడు అర్థమైంది.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి ఆయన అన్నారు, "అయితే నువ్వు గొణగడం లేదన్న మాట." ఆయన కూడా రెండేళ్లుగా నా మీద ఒక ఫిర్యాదు మోస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు చెప్పండి. సంక్రాంతికే ఆ 32,000 పెట్టి కొత్తది తెచ్చుకుని ఉంటే ఏమయ్యేది? నాలుగు రోజులు బాగుందనుకునేవాళ్లం, కొత్త వస్తువు కదా. తర్వాత ఆయనకి మళ్లీ మాటలు తెలిసేవి కావు. "ఈ కొత్తవాటిల్లో పస లేదు" అని ట్రెబుల్ చివరిదాకా, సౌండు చివరిదాకా తిప్పేవారు. అలా శక్తికి మించి అరిపిస్తే ఏ సెట్టులోనైనా ముందు కాలిపోయేది ట్వీటరే. ఇంకో రెండేళ్లు నేను నిర్లక్ష్యం అని, ఆయన గొణుగుడు అని, పెళ్లిళ్లలో శంఖాల జోకులతో గడిచిపోయేవి. డబ్బు పోవడం కాదు నా బాధ. కొత్త వస్తువు అసలు జబ్బుని కప్పిపెట్టేది.

అందుకే నా మాట. పాత స్పీకర్లు మార్చాలా వద్దా అన్న ప్రశ్న మీ ఇంట్లో వస్తే, మొదట ఇల్లంతా ఒకేలా ఫిర్యాదు చేస్తున్నారా చూడండి. అందరికీ గరగర వినిపిస్తే తప్పు వస్తువులో ఉంది, విప్పి చూడండి. ఒక్కరికే బాగా లేకపోతే, వస్తువుని వదిలి ఆ ఒక్కరి పక్కన కూర్చోండి. పిల్లలు చెవులు మూసుకుంటుంటే పెద్దవాళ్లు ఇంకా పెంచుతున్నారంటే, ఆ ఇంట్లో షాపుకి కాదు, చెవి పరీక్షకి వెళ్లాలి. మనవైనా సరే. మనకి తొందరగా రాదు అంటే అసలు రాదని కాదు.

అలాగని ఎప్పటికీ మార్చొద్దని కాదు. మా అబ్బాయి వాదనలోనూ న్యాయం ఉంది. కాయిల్ కాలిపోయి, అదే సైజు అదే రకం దొరక్కపోతే మార్చేయాలి. చెక్క పెట్టె తేమకి ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుంటే, చెద పడితే, ఇంకేమీ ఆలోచించకుండా పంపేయాలి. బాగుచేయడానికి అయ్యే ఖర్చు అలాంటి కొత్తదాని ఖర్చులో సగం దాటుతుంటే నేనైతే చేయించను. ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా ఎవరూ ఆన్ చేయలేదంటే, అది స్పీకర్ కాదు, పూలకుండీ పెట్టుకునే బల్ల. వినేవాళ్లకి ఇచ్చేయండి. చిన్న ఫ్లాట్‌లో నడవడానికి దారి లేనప్పుడు సౌండ్‌బారే మేలు, అందులో నామోషీ ఏమీ లేదు. కానీ బ్లూటూత్ లేదన్న ఒక్క కారణానికి మాత్రం పారేయకండి. ఆంప్ వెనక ఎరుపు తెలుపు సాకెట్లు ఉంటే, అగ్గిపెట్టెంత బ్లూటూత్ డబ్బా ఒకటి తగిలిస్తే ఫోన్లో పాట అందులో వస్తుంది. మా అబ్బాయే వెళ్లేముందు తెప్పించి పెట్టాడు. ఓడిపోయినందుకు జరిమానా అన్నాడు.

మావారు ఇప్పుడు చెవి మిషను ట్రయల్‌కి తెచ్చుకున్నారు. పెట్టుకోవడం ఇంకా మొహమాటమే. వాకింగ్‌కి వెళ్లేటప్పుడు తీసేసి జేబులో వేసుకుంటారు, ఎవరైనా చూస్తారని. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకో నాకు అర్థం కాదు. ఆడపడుచు ఇంట్లో ఇంకో శుభకార్యం ఉంది వచ్చే నెల. నలుగురిలో నేనన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు.

మొదటి రోజు మిషను పెట్టుకుని ఇంటికి రాగానే ఆయన అన్న మొదటి మాట, "వంటింట్లో గిన్నెలు అంత చప్పుడు చేయాలా?" అని. ఇన్నేళ్లుగా నా చిరాకు చూపించింది ఆ గిన్నెల మీదే అని ఆయనకి ఇప్పుడు తెలుస్తోంది, పాపం.

సాయంత్రం పాట పెట్టుకున్నారు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. లేచి ఆంప్ దగ్గరికి వెళ్లి, ట్రెబుల్ నాబ్ తిప్పి మధ్యకి తెచ్చారు. మళ్లీ వచ్చి కూర్చున్నారు. పదేళ్లకో పదిహేనేళ్లకో ఆ అంచులు మళ్లీ పొడవుతాయి. అప్పుడు ఏది పోయిందో మళ్లీ చూసుకుంటాం.